గదిలో గద

మా బావ దగ్గర ఒక స్పాస్-12 ఉంది. ఆ పేరు తెలిసినవాళ్ళకి ఇంక చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, ఇటలీలో ఫ్రాంకీ అనే కంపెనీ 1979 నుంచి 2000 దాకా తయారుచేసిన 12 బోర్ షాట్‌గన్ అది. నల్లగా, మొరటుగా ఉంటుంది. బ్యారెల్ చుట్టూ చిల్లులున్న తొడుగు, పైకి మడతపెట్టే ఇనప మడమ (భుజానికి ఆనించే వెనక భాగం), ఆ మడమ చివర ఒక కొక్కెం. పేరు వినకపోయినా ఏదో ఒక సినిమాలో చూసే ఉంటారు, ఎందుకంటే తెర మీద అంత భయంకరంగా కనబడే తుపాకీలు తక్కువ. "నేనెటూ దాన్ని బయటికి తియ్యట్లేదు బావా, నువ్వు ఇంటి కోసం ఏదో చూస్తున్నావంట కదా, నువ్వే తీసేసుకో" అన్నాడు వాడు. నేను మూడు వారాలు నిద్ర మానేసి ఆలోచించాను. ఆ ఆలోచనే ఈ పోస్టు.

ముందు నా సంగతి. మా వీధిలో ఒకళ్ళింట్లో రాత్రి రెండు గంటలప్పుడు ఎవరో వెనక తలుపు బద్దలుకొట్టి లోపలికొచ్చారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, పోయింది కూడా పెద్దగా లేదు. కానీ ఆ రోజు నుంచి ఇంట్లో ఫ్రిజ్ శబ్దం చేసినా లేచి కూర్చుంటున్నాను. తుపాకీ కాల్చడం నాకు కొత్త కాదు, రేంజ్‌లో మట్టి పళ్ళేల మీద ఏళ్ళ తరబడి కాల్చాను. ఇంటి రక్షణకని మాత్రం ఎప్పుడూ ఒకటి పెట్టుకోలేదు. అలాంటప్పుడు, ఆ టెన్షన్‌లో, బావ ఫోన్ చేసి యుద్ధానికి పుట్టినట్టున్న తుపాకీ ఇస్తానంటే ఎవరికైనా మనసు లాగుతుంది కదా. లాగింది.

రేంజ్‌కి తీసుకెళ్ళాం. నిజం చెప్తున్నా, ప్రేమలో పడ్డాను. ఖాళీగానే 4.4 కిలోలు, బ్యారెల్ కింద తూటాలు నింపే గొట్టంలో ఎనిమిది పెడితే ఇంకో నాలుగొందల గ్రాములు, అంటే చేతిలో దాదాపు అయిదు కిలోలు. మామూలు పంప్ షాట్‌గన్‌లు (ముందు పిడిని వెనక్కి లాగి తోస్తే తర్వాతి తూటా ఎక్కేవి) చాలావరకు మూడుంపావు కిలోల దగ్గర ఉంటాయి. ఆ తేడా భుజానికి వెంటనే తెలుస్తుంది, అదీ మంచి వైపు నుంచి. తూటా బయటికి వెళ్ళేటప్పుడు తుపాకీని వెనక్కి తన్నే శక్తి తుపాకీ బరువును బట్టి తగ్గుతుంది. బరువు మూడో వంతు పెరిగితే తన్ను నాలుగో వంతు తగ్గుతుంది. దానికి తోడు సెమీ ఆటోలో, అంటే కాల్చగానే తర్వాతి తూటా తనే ఎక్కే పద్ధతిలో, పెట్టినప్పుడు గ్యాస్‌తో నడిచే భాగాలు వెనక్కీ ముందుకీ కదలడంలో ఆ తన్ను కాస్త సాగి, గుద్దులా కాకుండా తోపులా వస్తుంది. మామూలు పంప్‌తో పాతిక బక్‌షాట్ (పెద్ద గుళ్ళున్న) తూటాలు కాలిస్తే మర్నాడు చొక్కా వేసుకునేటప్పుడు మూలుగుతాను. దీంతో పాతిక కాల్చి ఇంకో పాతిక ఇమ్మన్నాను. "చెప్పానా" అన్నాడు బావ.

మేం ఇద్దరం మరిచిపోయిన సంగతి ఒకటుంది. రేంజ్‌లో నాకు రెండు చేతులూ ఖాళీ. కాళ్ళు ఎడంగా పెట్టుకుని, చెవులకి మూతలు పెట్టుకుని, వెలుగులో, ఎదురుగా కదలని కాగితం. ఇంటికొచ్చాక అసలు కథ మొదలైంది.

ఆ రాత్రి బావ మా ఇంట్లోనే ఉన్నాడు. తూటాలన్నీ కారులోనే వదిలేశాం. వాడొకసారి, నేనొకసారి ఛాంబర్‌లో (పేలడానికి తూటా కూర్చునే చోటు) చూసి, వేలు పెట్టి తడిమి, గొట్టం కూడా ఖాళీ అని తేల్చుకున్నాకే లోపలికి తెచ్చాం. మా ఆవిడ, పిల్ల ఊళ్ళో లేరు. లైట్లన్నీ ఆర్పి, మంచం మీద పడుకుని, "ఇప్పుడు" అని బావ అనగానే లేచి, తుపాకీ అందుకుని, పిల్ల గది దాకా వెళ్ళి, పిల్లని (అంటే తలగడని) ఎత్తుకుని మా గదికి తిరిగిరావాలి. ఇదీ ఆట. చిన్నపిల్లల ఆటలాగే అనిపించింది మొదట.

మొదటి అడ్డంకి మా పడకగది తలుపే. అది లోపలికి తెరుచుకుంటుంది. పిడి తిప్పాలంటే ఒక చెయ్యి తియ్యాలి. తీశాను. కుడిచేతిలో మిగిలిన అయిదు కిలోల ఇనుము ముక్కు కిందికి వాలిపోయి నేలని తాకింది. దీని బరువంతా ముందు భాగంలోనే ఉన్నట్టుంటుంది మరి. తలుపు నా వైపుకి వస్తోంది కాబట్టి వెనక్కి జరగాలి, మీటరుకి పైగా పొడుగున్న తుపాకీని అడ్డం తిప్పాలి, తిప్పితే బట్టల బీరువాకి కొట్టుకుంది. ఖంగుమంది. బావ చీకట్లో నవ్వుతున్నాడని తెలుస్తోంది.

రెండోది టార్చి. చీకట్లో ఎదురుగా ఉన్నది ఎవరో చూడకుండా ట్రిగ్గర్ జోలికి వెళ్ళకూడదు, ఇందులో వాదన లేదు, దొంగ అనుకుని ఇంట్లోవాళ్ళనే కాల్చుకున్న ఘోరాలు మనం వినే ఉంటాం. తుపాకీకే లైటు బిగించుకోవచ్చు. కానీ దానికే బిగిస్తే, దేన్ని చూడాలన్నా దాని మీద తుపాకీ ఎక్కుపెట్టి చూడాల్సి వస్తుంది. నీళ్ళు తాగడానికి లేచిన కూతుర్ని కూడా అలాగే చూడాలి. నాకది ఒంటికి పడలేదు. అందుకే టార్చి చేతిలోనే పట్టుకోవాలి. అంటే ఇంకో చెయ్యి పోయింది. మూడోది ఫోను, పోలీసులకి అడ్రసు చెప్తూ లైన్‌లో ఉండాలి. నాలుగోది పిల్ల. ఆ తలగడని చంకలో పెట్టుకుని తిరిగొచ్చేటప్పుడు తుపాకీ మోస్తున్నానా ఈడుస్తున్నానా నాకే తెలియలేదు. అసలు పిల్ల అయితే పదహారు కిలోలు, పైగా నిద్రలో లేపితే కాళ్ళతో తంతుంది.

ఇక్కడే ఆ కొక్కెం సంగతి చెప్పాలి. ఆ తుపాకీ చేసినవాళ్ళకి ఒంటి చేతి సమస్య తెలియక కాదు. మడమ చివరి కొక్కేన్ని తిప్పి ముంజేతి కింద తగిలించుకుంటే, రెండో చెయ్యి లేకుండా ఒక్క చేత్తోనే కాల్చొచ్చని వాళ్ళ ఉద్దేశం. పోలీసులు, సైనికులు కొంటారని గీసిన బొమ్మ అది, బండిలోంచి కాల్చాల్సి వస్తే పనికొస్తుందని. సరే అని నేనూ తగిలించుకున్నాను. పదిహేను సెకన్లు. ఆ తర్వాత మణికట్టు వణకడం మొదలైంది, ముప్పై సెకన్లకి బ్యారెల్ ఎటు చూస్తోందో నాకు సంబంధం లేకుండా పోయింది. బావ నాకంటే బలమైనవాడు, రోజూ బరువులెత్తుతాడు. వాడు ఇంకో పది సెకన్లు ఎక్కువ పట్టుకున్నాడు, అంతే. తర్వాత మాట మార్చాడు.

భీముడి చేతిలో గద బాగుంటుంది. ఆయనకైనా దాన్ని తిప్పడానికి మైదానం కావాలి. మా నడవా వెడల్పు మూడడుగులు.

బరువైన తుపాకీ తరఫున వాదించేవాళ్ళు చెప్పే మాట ఒకటి ఉంది, అది ఒప్పుకోవాలి. ఇల్లంతా తిరగొద్దు, దొంగని వెతుక్కుంటూ వెళ్ళడం మూర్ఖత్వం, అందరినీ ఒక గదిలో చేర్చుకుని, తలుపు వేసుకుని, మంచం వెనక మోకాళ్ళ మీద కూర్చుని తలుపు వైపు చూస్తూ పోలీసుల కోసం ఆగాలి అంటారు. నూటికి నూరు పాళ్ళూ నిజం. అలా కూర్చుంటే బరువు పరుపు మోస్తుంది, చెయ్యి మొయ్యక్కర్లేదు. ఆ ఒక్క భంగిమలో స్పాస్-12 కంటే నింపాదిగా నిలబడే షాట్‌గన్ నేను చూడలేదు. కానీ ఆ భంగిమకి చేరేదాకా ఏం చెయ్యాలి? మా పిల్ల గది నడవాకి ఆ చివర. ఆ తొమ్మిది అడుగులూ నడవక తప్పదు. పెళ్ళి కానివాడు, ఒకే గదిలో ఉండేవాడు ఈ వాదనతో ఈ తుపాకీ కొనుక్కుంటే నేను కాదనను. నాకు ఆ సౌకర్యం లేదు.

మళ్ళీ అదే మడమ గొడవ. మడిస్తే తుపాకీ ఎనభై సెంటీమీటర్లకి వస్తుంది, నడవాలో తిరుగుతుంది. కానీ మడిచాక భుజానికి ఆనించడానికేమీ ఉండదు, అంటే ఏ బరువైతే భుజానికి మేలు చేసిందో అది మొత్తం మణికట్ల మీద పడుతుంది. విప్పితే పొడుగు, మడిస్తే భారం.

"షాట్‌గన్‌తో గురి చూడక్కర్లేదు రా, ఆ దిక్కుగా పట్టుకుంటే చాలు, గోడంతా జల్లెడ అయిపోతుంది" అనే ఒక మాట అందరి నోటా వింటుంటాం. నేను కూడా కొన్నాళ్ళు నమ్మాను. అందుకే రేంజ్‌లో కాగితం మీద కొలిచాను. మా ఇంట్లో నిలబడి చూడగలిగినంత దూరం ఏడు మీటర్లు. మామూలు బక్‌షాట్ తూటాలో ఒక్కోటి ఎనిమిది మిల్లీమీటర్ల పైచిలుకు లావున్న సీసపు గుళ్ళు తొమ్మిది ఉంటాయి. అయిదు మీటర్ల నుంచి కాలిస్తే ఆ తొమ్మిదీ నా అరచేయంత చోటులో పడ్డాయి. ఏడు మీటర్ల నుంచి కూడా జానెడు కాలేదు. అరచేయంత చోటుకి గురి చూడక్కర్లేదా? మణికట్టు వణుకుతుంటే అరచెయ్యి పక్కకి జరగడం ఎంత సేపు.

ఆ పక్కకి జరిగిన గుళ్ళు ఎక్కడికి వెళ్తాయన్నది నన్ను నిజంగా భయపెట్టింది. మా లోపలి గోడలు జిప్సం బోర్డువి. బక్‌షాట్‌కి అవి గోడలే కావు, ఒకటీ రెండూ కాదు, వరసగా కొన్ని బోర్డులు దాటేస్తుంది. నడవాలో చివర నిలబడ్డవాడి మీద గురి తప్పితే వెనక పిల్ల మంచం. చిన్న రవ్వల తూటా, అంటే పిట్టల్ని కొట్టే బర్డ్‌షాట్ వాడితే గోడ దాటాక జోరు తగ్గుతుంది, కానీ అదే కారణంగా మనిషిని ఆపడానికి కూడా దాన్ని నమ్ముకోలేం. గోడ దాటనిది, మనిషిని ఆపేది, రెండూ ఒకే తూటాలో కావాలని అడిగితే దొరకదు. దొరుకుతుందని అట్టపెట్టె మీద రాసుంటే నమ్మకండి. నిలబడే చోటు ముందే ఎంచుకుని, ఆ వైపు గోడ వెనక ఎవరూ పడుకోకుండా మంచాలు జరుపుకోవడం ఒక్కటే దారి. మేం జరిపాం కూడా.

పంప్ లాగిన చప్పుడు వింటేనే దొంగ పారిపోతాడంటారు కదా. పారిపోవచ్చు. పారిపోకపోతే? ఇల్లు చీకట్లో ఉన్నప్పుడు నేను ఏ మూల ఉన్నానో వాడికి చెప్పేశాను, ఇంతసేపూ ఛాంబర్‌లో తూటా లేకుండా ఉన్నానని కూడా చెప్పేశాను. వాడి చేతిలో కూడా తుపాకీ ఉంటే ఇది బెదిరింపు కాదు, ఆహ్వానం. "పోలీసులకి ఫోన్ చేశాం, వస్తున్నారు, వెళ్ళిపో" అని గట్టిగా అరవడానికి తూటా ఖర్చు కూడా లేదు.

స్పాస్-12కి పంప్, సెమీ ఆటో రెండూ ఉండటం మీద కూడా చాలామందికి మోజు. ముందు పిడి మీద బొత్తాం నొక్కి పిడిని కొద్దిగా జరిపితే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారుతుంది. ఎందుకు పెట్టారంటే, పోలీసులు వాడే బాష్పవాయువు తూటాలు, అలాంటి తక్కువ మందున్నవి సెమీ ఆటో యంత్రాన్ని నడిపేంత గ్యాస్ ఇవ్వవు. వాటిని పంప్ లాగి చేత్తో ఎక్కించుకోవాలి. మంచి ఆలోచనే, దాని బరువుకి అది కూడా ఒక కారణమే. మా ఇంట్లో బాష్పవాయువు ఎవరు కాలుస్తారు? నాకు అది పనికొచ్చే అవకాశం లేదు, పైగా నిద్రమత్తులో ఏ మోడ్‌లో ఉందో గుర్తుపెట్టుకోవాల్సిన ఇంకో సంగతి అయింది. ఆ రాత్రి ఆటలో రెండుసార్లు నేను తప్పు మోడ్‌లో ఉన్నాను.

వయసు సంగతి ఇంకోటి. మొదట్లో వచ్చిన కొన్నింటికి మీట లాంటి సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే ఏర్పాటు) ఉండేది. ఆ సేఫ్టీని తీసేటప్పుడు, ట్రిగ్గర్ ముట్టుకోకపోయినా, తుపాకీ పేలే ప్రమాదం ఉందని తేలి కంపెనీయే వాటిని వెనక్కి పిలిచి మార్చింది. పాతది కొనేవాళ్ళు మొట్టమొదట చూడాల్సింది ఇదే. బావదాంట్లో అడ్డంగా నొక్కే బొత్తాం ఉంది, మార్చిందే. కానీ తయారీ 2000లోనే ఆగిపోయింది కాబట్టి ఏదైనా విరిగితే భాగాల కోసం సేకరించేవాళ్ళ దగ్గర చెయ్యి చాపాలి. ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడే వస్తువుకి విడిభాగాలు దొరక్కపోవడం ఏం పద్ధతి?

చట్టం గురించి ఒక్క ముక్క, ఎందుకంటే ఇలాంటి తుపాకీలకి వాటి ఆకారమే శత్రువు. అమెరికాలో 1994 చట్టం సెమీ ఆటో షాట్‌గన్‌కి మడిచే మడమ, పిస్టల్ పిడి, అయిదుకి మించి తూటాలు పట్టే గొట్టం లాంటి లక్షణాల్లో రెండుంటే నిషేధం జాబితాలో వేసింది. అది 2004లో గడువు తీరిపోయింది గానీ కొన్ని రాష్ట్రాల్లో అలాంటి చట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. అదే 1994లో యూసాస్-12 అనే ఇంకా బరువైన షాట్‌గన్‌ని, ఖాళీగానే అయిదున్నర కిలోలు, ఏకంగా విధ్వంసక పరికరం అని వర్గీకరించారు. కారణం వింతగా ఉంటుంది: అక్కడ బ్యారెల్ రంధ్రం అరంగుళం దాటిన ఏ ఆయుధమైనా ఆ కోవలోకే వస్తుంది, 12 బోర్ రంధ్రం 18.5 మిల్లీమీటర్లు, అంటే అరంగుళానికి బాగా ఎక్కువ. క్రీడకి పనికొస్తుందన్న మినహాయింపు ఒక్కటే మామూలు షాట్‌గన్‌లని కాపాడుతోంది. ఆ మినహాయింపు దీనికి ఇవ్వలేదు. మీరుండే చోట ఏముందో లైసెన్సు కాగితం ముట్టుకోకముందే కనుక్కోండి. బావ, నేను అది చూశాకే కదిలాం.

ఇంక శబ్దం. షాట్‌గన్ మోత నూట యాభై డెసిబెల్స్ దాటుతుంది, నూట నలభై దాటిన ఒక్క పేలుడు చాలు వినికిడి శాశ్వతంగా దెబ్బతినడానికి. నాలుగు గోడల మధ్య ఇంకా ఘోరం. ఏ షాట్‌గన్‌కైనా ఇది తప్పదు కాబట్టి దీని ఖాతాలో వెయ్యను, కానీ చెవి మూతలు తుపాకీ పక్కనే పెట్టుకోండి, పిల్లలవి కూడా.

మా ఆవిడ తిరిగొచ్చాక తుపాకీ చూపించాం. ఎత్తింది, భుజానికి పెట్టుకుంది, రెండు క్షణాల్లో దించేసి బావ చేతిలో పెట్టింది. "మీరు ఊళ్ళో లేనప్పుడు దొంగ వస్తే ఏం చెయ్యమంటారండీ, దీన్ని వాడి కాలి మీద పడెయ్యనా?" అంది. నేను మూడు వారాలు కొలతలు వేసుకుని తేల్చుకున్నది ఆవిడ రెండు క్షణాల్లో తేల్చేసింది. మడమ ఆవిడ చేతికి పొడుగు, ముందు పిడి అందాలంటే ఎడమ చెయ్యి పూర్తిగా చాపాలి, అలా చాపితే బరువు రెట్టింపు అయినట్టుంటుంది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే, ఇద్దరిలో చిన్న భుజం ఎవరిదో ఆ కొలతకే తుపాకీ కొనాలని నాకు ముందే తట్టకపోవడం సిగ్గుచేటు.

కొత్తవాటిలో యుద్ధం పోలికున్న షాట్‌గన్ కావాలనుకునేవాళ్ళకి బెనెల్లి ఎం4 ఉంది. 1999లో అమెరికా మెరైన్లు ఎంచుకున్నది అదే, బరువు మూడున్నర కిలోల నుంచి మూడు కిలోల ఎనిమిది వందల దాకా ఉంటుంది, గ్యాస్ యంత్రం ఎంత మురికి పట్టినా నడుస్తుందని పేరు. డబ్బుంటే తప్పు పట్టలేను. నేను మాత్రం చివరికి 20 బోర్ (12 కంటే సన్నటి బ్యారెల్) సెమీ ఆటో తీసుకున్నాను, మూడు కిలోల లోపు, మడమ పొట్టిది. 12 బోర్ వీరులు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. మా ఆవిడ దాంతో ఏడు మీటర్ల నుంచి అయిదుకి అయిదు కాగితం మధ్యలో వేసింది. ఒక చేత్తో తలుపు తీస్తున్నప్పుడు రెండో చేతిలో ముక్కు నేలని తాకట్లేదు.

దానికంటే ముందు చేసిన పని ఇంకోటుంది, ఖర్చు దాదాపు ఏమీ లేదు. తలుపు గడియ నాలుక దూరే ఇనప పట్టీకి ముప్పావంగుళం మరలు ఉన్నాయి, అవి చట్రం చెక్కని దాటి లోపలి దూలాన్ని పట్టుకోవు, ఒక్క తన్నుకి ఊడొస్తాయి. వాటిని తీసేసి మూడంగుళాలవి బిగించాను, కీళ్ళకి కూడా. వెనక వైపు కదలికకి వెలిగే లైటు పెట్టాను. తుపాకీ వేలిముద్రకీ, అంకెలకీ తెరుచుకునే పెట్టెలో ఉంది, గోడకి బిగించి, పిల్ల చెయ్యి అందని ఎత్తులో. పిల్ల అడిగితే అందులో నాన్న ఆఫీసు కాగితాలున్నాయని చెప్పలేదు, అందులో ఏముందో చెప్పి, ముట్టుకోకూడదని చెప్పాను. అబద్ధం చెప్తే తెరిచి చూడాలనిపిస్తుంది, నా చిన్నప్పుడు నాకు అలాగే అనిపించేది.

బావకి ఫోన్ చేసి వద్దన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అంటే పనికిరానిదంటావా?" అన్నాడు, పిల్లాడికి మార్కులు తక్కువ వచ్చాయని చెప్పినట్టు. పనికిరాదని కాదు బావా, మా నడవా దానికి పనికిరాదు అన్నాను. నవ్వాడో లేదో ఫోన్‌లో తెలియలేదు. వచ్చే ఆదివారం రేంజ్‌కి దాన్ని తెస్తానన్నాడు. తూటాలు నేను తెస్తానన్నాను.